బ్రెడ్డు ప్యాకెట్లూ ఒక హీబ్రూ క్రియా

మా వైపు ఒంట్లో బాగున్న మనిషి బ్రెడ్డు తినడు. బ్రెడ్డు దవాఖాన తిండి. ఎవరికైనా బాగాలేక మంచం పట్టారని తెలిస్తే, చూడడానికి వెళ్లేవాళ్లు బస్టాండు దగ్గర ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, కొన్ని అరటిపండ్లు కొంటారు. ఆ సంచి పట్టుకుని వార్డులోకి నడిచి వచ్చే మనిషి ముఖంలో ఒక వెలుగు ఉంటుంది. అది దయ అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. అమ్మ కాలు విరిగిన ఏడాది దాన్ని దగ్గర నుంచి, రోజూ చూశాను. అది పని అయిపోవచ్చిన మనిషి ముఖంలోని వెలుగు.

సెల్‌ఫోన్లు మా నేతగాళ్ల వీధిలో ఇంకా ఒకరిద్దరి చేతుల్లోనే ఉన్న రోజులవి. నేను గద్వాలలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మాది గుంట మగ్గం, నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని నేసేది. గద్వాల చీర నేయాలంటే దాని ఒంట్లోని నూలునూ అంచు పట్టునూ పోగు పోగుకూ కలుపుకుంటూ పోవాలి. అందుకని ఒక్క మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు. మా మగ్గం మీద నాన్న, ఆయన పక్కన అమ్మ. ఒకరోజు గుంటలో నుంచి లేస్తూ అమ్మ కాలు జారి పడింది. తొడ ఎముక విరిగింది. వనపర్తిలో మిషన్ వాళ్ల దవాఖాన ఒకటి ఉంటే అక్కడ చేర్చాం. కాలికి తాడు కట్టి, మంచం చివర ఉన్న చక్రం మీదుగా ఒక ఇసుక సంచిని వేలాడదీశారు. ఆ బరువు ఎముకను లాగిపట్టి ఉంచుతుందనీ, అతుక్కునే వరకు దాన్ని ఎవరూ ముట్టకూడదనీ డాక్టరు చెప్పాడు. నా పరీక్షలకు వారం ముందే ఇంటికి పంపించేస్తాననీ అన్నాడు.

ఆ మాట మీదే నేను బతికాను. ఆడవాళ్ల వార్డులో మగవాళ్లను ఉండనివ్వరు కాబట్టి నాన్న ఉండలేడు. ఉండాల్సింది నేనే. పరీక్షలు పోతే ఏడాది పోతుంది. మగ్గం మీద అమ్మ చోటు ఖాళీగా ఉంది. ఆ కాలుతో ఆమె మళ్లీ గుంటలోకి దిగలేదని అందరికీ అర్థమైపోయింది. నాన్న వచ్చినప్పుడల్లా నా చేతుల వైపు ఒకసారి చూసి వెళ్లేవాడు. పరీక్ష రాయకుండా ఇంటికి వెళితే ఆ చోటు నాదే. ఒకసారి అందులో కూర్చున్నాక లేవడం ఉండదని నాకు తెలుసు.

చూడవచ్చేవాళ్లు మొదటి రోజు నుంచే మొదలయ్యారు. నాగర్‌కర్నూలు నుంచి మేనత్త, బల్మూరు నుంచి అమ్మ వైపు చుట్టాలు, గద్వాల నుంచి వీధికి వీధి. అందరూ ఒకే మాటతో కూర్చునేవారు.

"ఎట్ల పడ్డవ్ వదినా?"

అమ్మ చెప్పేది. రోజుకు అన్నిసార్లు చెప్పగా చెప్పగా ఆ కథ బాగా పదునెక్కింది. మొదట్లో కాలు జారింది, అంతే. కొన్నాళ్లకు పొద్దున్నే కుడికన్ను అదరడం వచ్చి చేరింది. తర్వాత గుంట లోతు పెరిగింది. నేను నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగేదాన్ని.

విన్నవాళ్లు ఊరికే పోరు గదా. బదులుగా ఒక కథ చెప్పి పోతారు.

"మా ఊర్ల ఒకామెకు గిట్లనే అయ్యింది. మంచిగనే ఉండె పాపం. చాయ తాగింది, పండుకుంది. మల్ల లేవలే."

"కాలు ఇరిగితేనా?"

"కాలే. నీకేం గాదు తియ్యి."

అలా ధైర్యం చెప్పి, చాయ కోసం నా వైపు చూసేవారు. చూడవచ్చినవాళ్లకు చాయ ఇవ్వకపోతే మర్యాద పోతుంది. రోగి పక్కన ఉండాల్సిన మనిషిని నేనొక్కదాన్నే. రోగిని చూడవచ్చినవాళ్ల వల్ల నేను రోజులో సగం క్యాంటీను దగ్గరే ఉండేదాన్ని. అమ్మ మంచం పక్కనున్న స్టూలు మీద బ్రెడ్డు గుట్టలుగా పేరుకుపోయింది. వార్డులో ఎవరికి ఇవ్వబోయినా, తమ గుట్ట చూపించేవారు.

ఒక్క శుక్రవారం మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. శుక్రవారం రోగిని చూడబోకూడదని మా వీధిలో పట్టింపు. ఎందుకని అడిగితే మేనత్త కూడా చెప్పలేకపోయింది. ఎవరు పెట్టారో గానీ, రోగం వచ్చినవాడే పెట్టి ఉంటాడు. శుక్రవారాలు అమ్మ కమ్మగా నిద్రపోయేది.

ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో మనసులో గుర్తుపెట్టుకోవడం మేనత్త పని. రానివాళ్లలో మొదటి పేరు మా చిన్నమ్మది. చిన్నమ్మ అంటే నాన్న తమ్ముడి భార్య. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒక్క గోడే. కొన్నేళ్ల కిందట చిన్నాయనకు పచ్చకామెర్లు వచ్చి దవాఖానలో పడి ఉన్నప్పుడు మా మగ్గం మీద పెళ్లి చీర ఉంది. అమ్మానాన్నలు లేవలేకపోయారు. ఆయన ఇంటికి వచ్చాక వెళ్లారు. చిన్నమ్మ బ్రెడ్డు ప్యాకెట్టును వాకిట్లోనే ఆపేసింది.

"ఇంటికొచ్చినంక వస్తే చూడొచ్చినట్టా? చాయ తాగనీకి వచ్చినట్టు. ఇంక మీ ఇంట్ల ఎవరు పండినా నేను చూడనీకి రాను. వస్తే నన్ను అడుగుండ్రి."

వీధి అంతా విన్న మాట అది. అప్పటి నుంచి గోడకు ఇవతల మేము, అవతల వాళ్లు. మాటల్లేవు.

దవాఖానలో ఇంకొక చూడవచ్చే మనిషి ఉండేవాడు. రోజూ పొద్దున్నే వచ్చే పాస్టరు గారు. తెల్ల చొక్కా, చంకలో నల్ల అట్ట పుస్తకం. ఒక్కొక్క మంచం దగ్గర ఆగి, రోగి తల మీద ఒక చేయి పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. రెండో చేతికి గడియారం ఉండేది. మధ్యలో ఒక కన్ను తెరిచి దాన్ని చూసుకునేవాడు. ఆయన బెంగళూరులో కొన్ని వారాలు హీబ్రూ నేర్చుకుని వచ్చాడు. అప్పటి నుంచి ఆయన వాక్యాలన్నీ ఒకే చోట మొదలయ్యేవి.

"మూల భాషలో..." అని చూపుడువేలు పైకెత్తేవాడు. మూల భాష అనగానే కట్లు కట్టుకున్నవాళ్లంతా లేచి కూర్చోవాలని చూసేవారు.

నేను ఖాళీగా ఉన్నప్పుడు ఏదో ఒకటి రాసుకుంటూ కూర్చోవడం ఆయన కంట పడింది. నా దస్తూరి బాగుందన్నాడు. ఆదివారం చెప్పబోయే ప్రసంగాన్ని శుభ్రంగా ఎత్తి రాసి పెట్టమన్నాడు. నేను ఎవరికీ కాదని చెప్పలేను. పైగా ఆయన గదిలో ఒక బీరువా నిండా పుస్తకాలు ఉన్నాయి. అవి చూశాక కాదనాలని కూడా అనిపించలేదు.

ప్రసంగం 'పాకద్' అనే క్రియ మీద. తెలుగు బైబిల్లో దాన్ని చాలాచోట్ల 'దర్శించు' అన్నారట. చదవగానే నాకు వింతగా తోచింది. మా ఇళ్లలో మనుషులు వెళ్లి దేవుణ్ణి దర్శించుకుంటారు, వరసలో నిలబడి, కొబ్బరికాయ పట్టుకుని. ఇక్కడ దేవుడే మనుషుల్ని దర్శించడానికి వస్తున్నాడు. చేతిలో ఏం తెస్తాడో చూద్దామని పాస్టరు గారి లావుపాటి నిఘంటువు తెరిచాను. అందులో ఒక్కొక్క మాటకూ అది వచ్చిన చోట్లన్నీ ఇచ్చి ఉన్నాయి. బీరువాలోని తెలుగు బైబిలు పక్కన పెట్టుకుని, అమ్మ నిద్రపోయిన సమయాల్లో ఒక్కొక్కటీ వెతికి చూశాను.

పిల్లలు లేని ముసలామెను దేవుడు పాకద్ చేశాడు, ఆమెకు కొడుకు పుట్టాడు. తండ్రులు చేసిన తప్పును మనుమల దాకా వెంటాడి పాకద్ చేశాడు, అది శిక్ష. రాజు సైన్యాన్ని వరసగా నిలబెట్టి లెక్కపెట్టినా అదే క్రియ. యజమాని తన ఇల్లంతా ఒక నమ్మకమైన పనివాడి చేతిలో పెట్టినా అదే. రాజు బల్ల దగ్గర రోజూ కూర్చునే కుర్రవాడు ఒకరోజు రాలేదు. అతని చోటు ఖాళీగా ఉందని అందరికీ కనబడింది. అక్కడా అదే క్రియ. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. మా మగ్గం మీద నాన్న పక్క చోటు గుర్తొచ్చింది.

ఒక అల్లుడైతే తాను అలిగి వదిలేసి వచ్చిన భార్యను చూడడానికి మేకపిల్లను పట్టుకుని వెళ్తాడు. అదీ పాకద్. అప్పటికే మామ ఆమెను ఇంకొకరికి ఇచ్చేశాడు. మేకపిల్ల ఏమైందో రాయలేదు. మా స్టూలు మీది బ్రెడ్డు ఏమవుతుందో కూడా ఎవరూ రాయరు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఒంటి నిండా పుండ్లతో బూడిదలో కూర్చున్న మనిషి మాట. ప్రతి పొద్దునా వచ్చి నన్ను ఎందుకు చూస్తావు, ఉమ్మి మింగే పాటి సేపు కూడా వదలవా అని దేవుణ్ణే నిలదీస్తాడు. ఆ మంచం ఏ వార్డులో ఉందో నాకు తెలుసనిపించింది.

ఇన్ని చోట్లా ఉన్న ఒక్క సంగతి చివరికి నాకు పట్టుబడింది. పాకద్ అంటే వచ్చి చూసిపోవడం కాదు. ఒక మనిషి సంగతి పట్టించుకుని, దాని మీద చేయి వేయడం. వచ్చిన మనిషి వెళ్లేటప్పటికి అవతలివాడి స్థితి మారి ఉండాలి. మంచికైనా, చెడుకైనా. మా మేనత్త 'పోయి మందలిచ్చి రా' అంటే ప్రేమగా పలకరించి రమ్మని, కాలేజీ పుస్తకంలో అదే మాటకు తిట్టడమని. అలాగే ఇదీ రెండు వైపులా నడిచే మాటే. ఏ చోట ఏ వైపు నడుస్తుందో ఆ చోటే చెబుతుంది.

ఇదంతా నేను పాస్టరు గారికి చెప్పలేదు. ఆయన రాసిచ్చింది రాసి పెట్టాను. ఆయన లెక్క వేరు. నిఘంటువులో ఉన్న అర్థాలన్నీ ఒకే వాక్యంలో పోసేశాడు. "దేవుడు నిన్ను దర్శిస్తాడు అంటే, మూల భాషలో, నిన్ను లెక్కిస్తాడు, శిక్షిస్తాడు, ఆశీర్వదిస్తాడు, నియమిస్తాడు, అప్పగిస్తాడు." అన్నీ ఒకేసారి. ఆ ముసలామె పరిస్థితి ఏమై ఉంటుందో.

ఈ లోపలే మా మామ వచ్చాడు. అమ్మకు స్వయానా అన్న. వీపనగండ్లలో వ్యవసాయం. మనసు వెన్న. చెల్లెలి కాలికి వేలాడుతున్న ఇసుక సంచిని చూసి ఆయన కళ్లు చెమర్చాయి.

"ఏందే చెల్లె, గింత బరువు గట్టిండ్రు? గొడ్డుకు గూడ గట్ల గట్టరు గదనే."

"డాక్టరు కట్టిండు అన్నా. గుంజుతది జర."

"గుంజదా మరి," అన్నాడు మామ. నన్ను చాయకు పంపాడు.

నేను చాయ తెచ్చేసరికి అమ్మ హాయిగా కళ్లు మూసుకుని ఉంది. మామ చాలా తృప్తిగా ఉన్నాడు. చాయ తాగి, నా నెత్తి మీద చేయి పెట్టి, బస్సుకు వెళ్లిపోయాడు. తెల్లారి నర్సు వచ్చి దుప్పటి సర్దుతూ ఆగిపోయింది. స్టూలును మామ మంచం చివరకు జరిపాడు. దాని మీద బ్రెడ్డు ప్యాకెట్లు, వాటి మధ్య మెత్తగా ఇసుక సంచి, పైన దుప్పటి అంచు. తాడు వదులుగా వేలాడుతోంది. చెల్లెలికి నొప్పి లేకుండా చేసి పోయాడాయన.

మళ్లీ ఎక్స్‌రే తీశారు. ఎముక పక్కకు జరిగింది. డాక్టరు ఆ ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, "మళ్లీ మొదటి నుంచి," అన్నాడు. సంచికి 'ముట్టరాదు' అని అట్ట ముక్క కట్టించాడు. పరీక్షలు అయిపోయాక గానీ అమ్మ కదలదని తేలిపోయింది.

వచ్చిపోయిన అంత మందిలోనూ నిజంగా పాకద్ చేసింది మా మామ ఒక్కడే అనుకున్నాను. మిగతావాళ్లు చూసిపోయారు. ఆయన స్థితి మార్చిపోయాడు.

కబురు తెలిసి మళ్లీ వచ్చారందరూ. మళ్లీ బ్రెడ్డు. అమ్మ కథకు రెండో భాగం దొరికింది. నేను సిగ్గు చంపుకుని ఒక్కొక్కరినీ అడిగాను, పరీక్షలు అయ్యేదాకా అమ్మ దగ్గర ఉండగలరా అని. నా జీవితంలో అంత మందితో అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు.

"నాకే నడుం నొప్పి బిడ్డా, నన్నే ఎవరో ఒకరు చూడాలె," అంది ఒకామె.

"పత్తి చేతికొచ్చింది. లేకుంటే ఉండకపోదునా," అంది బల్మూరామె.

మేనత్త కొంచెం కోపంగా చూసింది. "రెండుసార్లు వచ్చిన గదనే. ఇంక ఎన్నిసార్లు రమ్మంటవ్?"

ఆదివారం ప్రసంగం అయ్యాక పాస్టరు గారి దగ్గరకు వెళ్లాను. మీ సంఘంలో ఆడవాళ్లు ఎవరైనా కూర్చుంటారా అని అడిగాను. ఆయన నా మాట చాలా శ్రద్ధగా విన్నాడు. కళ్లు మూసుకున్నాడు కూడా.

"ప్రార్థనలో పెడదాం తల్లీ," అన్నాడు. గడియారం చూసుకున్నాడు.

శనివారం మొదటి పరీక్ష. శుక్రవారం మధ్యాహ్నం నా హాల్‌టికెట్టును పుస్తకంలో పెట్టి, ఆ పుస్తకాన్ని సంచి అడుగుకు తోసేశాను. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోవడం లేదని తెలుస్తోంది. వార్డంతా ప్రశాంతంగా ఉంది. శుక్రవారం గదా.

తలుపు దగ్గర చిన్నమ్మ కనబడింది. చంకలో చాప, చేతిలో సత్తు గిన్నె, భుజాన బట్టల మూట. అమ్మ వైపు చూడకుండా నడిచి వచ్చి, చాపను మంచం కింద పడేసి, వేలాడుతున్న సంచినీ దాని అట్ట ముక్కనూ చూసింది.

"రాసి గట్టినంక తెలిసిందా ముట్టొద్దని," అంది సంచితో.

అమ్మ తల తిప్పింది. "వచ్చినవా."

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "మీ అమ్మకు చెప్పు. నేను చూడనీకి రాలే. ఇయ్యాల శుక్రారం. శుక్రారం ఎవరన్న చూడనీకి వస్తరా?"

"మరి ఎందుకొచ్చిందో అడుగు," అంది అమ్మ నాతోనే.

చిన్నమ్మ ఆ మాట విననట్టే మూట విప్పింది. "నీ బస్సు ఎన్నింటికే?"

నేను సంచి అడుగున ఉన్న పుస్తకం కోసం చేయి పెట్టాను. "పరీక్షల సంగతి మీకెవరు చెప్పిండ్రు చిన్నమ్మా?"

"మీ మేనత్త మొన్న మీ ఇంటికొచ్చింది గద. ఆమె గోడకు ఆవల మాట్లాడితే ఈవల ఇద్దరికి వినొస్తది. పో, పెబ్బేరు బస్సు దొరకబట్టు."

"బ్రెడ్డు తెచ్చిందా అడుగు," అంది అమ్మ. చాలా రోజుల తర్వాత ఆమె గొంతులో నవ్వు.

"తేలే అని చెప్పు. బ్రెడ్డు తెస్తే చూడొచ్చినట్టయితది."

నేను పెబ్బేరులో దిగి, గద్వాల బస్సు ఎక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేదాకా నమ్మలేదు, ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని. అవతల వాళ్ల మగ్గం మీద చిన్నాయన పక్క చోటు ఖాళీగా ఉంటుందని బస్సులో గుర్తొచ్చింది. ఇంటికి వెళ్లాక గోడ మీదుగా ఒకసారి తొంగి చూశాను. ఖాళీగానే ఉంది.

పరీక్షలు అయ్యేదాకా ఆమె అక్కడే ఉంది. ఆ రోజుల సంగతి వార్డులో పనిచేసే ఆయా చెబితే తెలిసింది. ఇద్దరూ ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడుకోలేదట. మధ్యలో ఎవరు దొరికితే వాళ్లు.

"ఆమెకు చెప్పు, అన్నం చల్లారుతదని."

"ఆమెకు చెప్పు, పప్పుల ఉప్పు ఎక్కువైందని."

"ఆమెకు చెప్పు, ఉప్పు ఎక్కువైతే తినకుమని."

పాస్టరు గారు ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చి, కొత్త ముఖం చూసి, "ఏమ్మా, చూడ్డానికి వచ్చారా?" అని అడిగాడట.

"లే."

"మరి?"

"దొడ్డికి కూసున్న గిన్నె కడగనీకి. జర జరుగుండ్రి అయ్యా."

ఆయన జరిగాడట. ఆ రోజు అమ్మ మంచం దగ్గర ప్రార్థన చాలా పొట్టిగా అయిపోయిందని ఆయా నవ్వింది.

ఆఖరి పరీక్ష రాసి నేను వార్డుకు వచ్చేసరికి చిన్నమ్మ చాప చుట్టేసి నిలబడి ఉంది. "మంచిగ రాసినవా?" అని అడిగింది. తలూపాను. అమ్మ వైపు చూడకుండానే వెళ్లిపోయింది. ఆమె తలుపు దాటేదాకా అమ్మ ఆమె వీపు వైపు చూస్తూనే ఉంది.

అమ్మ ఇంటికి వచ్చిన వారానికి మేనత్త నాగర్‌కర్నూలు నుంచి వచ్చింది. ఎవరికి ఏం బాకీ పడ్డామో తేల్చడానికి. రేపు వాళ్ల ఇళ్లలో ఎవరైనా పడితే మేమూ అన్నిసార్లు వెళ్లాలి గదా. అమ్మ గోడకు ఆనుకుని, కాలు చాపుకుని కూర్చుంది. మేనత్త వేళ్లు మడుస్తూ ఒక్కొక్కరి పేరూ తీసింది. మామ పేరు దగ్గర, "పాపం, అన్న అంటే గట్లుండాలె. చెల్లె నొప్పి చూడలేకపోయిండు," అంది. అమ్మ చాపుకున్న కాలు వైపు చూసుకుంది.

చివరికి మేనత్త గొంతు తగ్గించింది. ఆమె తగ్గించిన గొంతు కూడా గోడకు ఆవల వినపడుతుంది.

"ఆ గోడవతలామె వచ్చిందా?"

అమ్మ నా వైపు చూసింది. అవతల ఎడతెగకుండా ఆడుతున్న మగ్గం చప్పుడు ఆగింది.

"రాలే," అంది అమ్మ.

"చూసినవా మరి. నేను చెప్పలేదా? మనిషి జన్మెత్తి ఒక్కసారన్న రావద్దా?"

"రాను అన్నది గద అప్పుడే. అన్న మాట మీద ఉంది."

గోడకు అవతల మగ్గం మళ్లీ మొదలైంది. మేనత్త ఒక వేలు మడవకుండా వదిలేసింది.